మందు వల్ల వచ్చిన దగ్గునీ ఆయాసాన్నీ ఇంట్లోనే పసిగట్టడం ఎలా

మా షాపుకి వచ్చే ఓ మామ్మగారు రెండు నెలల్లో నాలుగు దగ్గు సీసాలు కొనుక్కెళ్ళారు. ప్రతిసారీ ఒకటే మాట. "పగలు పర్లేదమ్మా, పడుకున్నానంటే చాలు గొంతులో ఈక పెట్టి తిప్పినట్టుంటంది. కళ్లె పడదు, దగ్గు ఆగదు." నాలుగోసారి సీసాతో పాటు బీపీ బిళ్ళలు కూడా అడిగారు. స్ట్రిప్పు తీసి సీసా పక్కన పెట్టాక గానీ నాకు తట్టలేదు. అది ఎనలాప్రిల్.

"ఇవి ఎప్పటినుంచి వేసుకుంటున్నారు మామ్మగారూ?"

"జగ్గన్నతోట తీర్థం అయ్యాక రాశారమ్మా."

"మరి దగ్గో?"

"శివరాత్రికి ముందే పట్టుకుంది."

ఆ తీర్థం జరిగేది కనుమనాడు. అంటే బిళ్ళ కనుమ తర్వాత, దగ్గు శివరాత్రికి ముందు. మధ్యలో నెలైనా లేదు. అంతకుముందు మూడు సీసాలూ ఈ చేత్తోనే అమ్మాను, ఆ ఒక్క ప్రశ్న అడక్కుండా. డాక్టరుగారు బిళ్ళ మార్చారు, మూడో వారానికి ఆవిడ రాత్రిళ్ళు నిద్రపోయారు. ఆ ప్రశ్న మీ ఇంట్లో మీరే అడుక్కోవాలని ఇది రాస్తున్నాను.

ఊపిరితిత్తుల మీద ప్రభావం చూపే మందులు వందల్లో ఉన్నాయి. వాటిని వాడే వాళ్ళలో చాలామందికి ఏమీ కాదు. అయినవాళ్ళకి మాత్రం అది జలుబులానో, నెమ్ములానో, గుండెజబ్బులానో, వయసు మీద పడ్డట్టో కనిపిస్తుంది. "ఇది మందు వల్లే" అని ఖాయంగా చెప్పే రక్తపరీక్ష లేదు, ఎక్స్‌రే లేదు. మందు ఎప్పుడు మొదలైంది, బాధ ఎప్పుడు మొదలైంది, వేరే కారణాలు ఉన్నాయా, మందు ఆపాక తగ్గిందా అని చూసి డాక్టర్లు నిర్ణయానికి వస్తారు. మొదటి రెండిటికీ జవాబు మీ ఇంట్లోనే ఉంది.

ముందు మందులన్నీ బయటికి తీయండి

అరుగు మీద చాప వేసి ఇంట్లో ఉన్న మందులన్నీ పరవండి. బీపీ, షుగరు బిళ్ళలే కాదు. కంట్లో చుక్కలు, వారానికోసారి వేసుకునే బిళ్ళ, మోకాళ్ళ నొప్పికి వాడే బిళ్ళలు, విరేచనానికి తాగే సీసా, చూర్ణాలు, లేహ్యాలు, పొట్లంలో వచ్చిన పేరు తెలియని మాత్రలు, అన్నీ. గత ఆరు నెలల్లో వాడి మానేసినవి ఉంటే వాటి చీటీలు కూడా వెతకండి. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు వేసిన సూదిమందులు గుర్తుచేసుకుని ఓ కాగితం మీద రాయండి. కంటిచుక్కల్ని జనం మందుగా లెక్కపెట్టరు, అడిగితే చెప్పరు. అందుకే వాటి సంగతి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ప్రతి స్ట్రిప్పు మీదా పెద్దక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. దాని దగ్గర్లో చిన్న అక్షరాల్లో ఉండేది అసలు మందు పేరు. మీకు కావాల్సింది ఆ చిన్న అక్షరాలే. ఒకే మందు పది పేర్లతో దొరుకుతుంది, ఒకే బిళ్ళలో రెండు మూడు మందులు కలిసీ ఉంటాయి. ఇక్కడ మా వ్యాపారంలోని సంగతొకటి చెప్పాలి. నాలుగు బిళ్ళలు కత్తిరించి ఇచ్చినప్పుడు పేరున్న ముక్క ఎక్కువసార్లు మా డబ్బాలోనే ఉండిపోతుంది, మీ చేతికి వచ్చేది ఖాళీ వెండి రేకు. కాబట్టి "పేరున్న వైపు ఇవ్వండి" అని అడగండి, లేదా బిల్లు మీద రాయించుకోండి. ఆ హక్కు మీకుంది.

తేదీలు పండగలకి ముడిపెట్టండి

పెద్దవాళ్ళని "ఏ నెల, ఏ తేదీ" అంటే చెప్పలేరు. "అంతర్వేది కల్యాణానికి ముందా, తర్వాతా? నూర్పిళ్ళప్పుడు వేసుకుంటున్నావా? మనవడి బారసాలకి దగ్గుతున్నావా?" అని అడిగి చూడండి, వారం తేడాలో చెప్పేస్తారు. గోడ మీది క్యాలెండరు దింపి, మందు మొదలైన రోజు దగ్గర "మం" అనీ, డోసు పెంచిన రోజు దగ్గర "పె" అనీ, దగ్గో ఆయాసమో జ్వరమో మొదలైన రోజు దగ్గర "బా" అనీ రాయండి. మానేసి మళ్ళీ మొదలుపెట్టిన మందులుంటే ఆ రెండు తేదీలూ రాయండి. మొదటిసారి మెల్లగా చేసిన తేడా, రెండోసారి గంటల్లోనే చేసే మందులున్నాయి.

బాధ ఎంత వేగంగా వచ్చింది?

నిమిషాల నుంచి గంటల్లో వచ్చేది ఒక రకం. ఉబ్బసం ఉన్నవాళ్ళలో కొందరికి, ముఖ్యంగా ముక్కులో కండలు పెరిగి వాసన తెలియని వాళ్ళకి, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మందులు పడవు. బిళ్ళ వేసుకున్న అరగంట నుంచి మూడు గంటల లోపు ముక్కు దిబ్బడ వేసి, ముక్కు కారి, పిల్లికూతలు మొదలవుతాయి. ఊడుపులయ్యాక నడుం పట్టేసిందని నొప్పి సూది వేయించుకునేవాళ్ళు మన దగ్గర చాలామంది. ఉబ్బసం ఉంటే ఆ సూదికి ముందే చెప్పాలి. ఇలాంటివాళ్ళలో చాలామందికి మామూలు డోసు పారాసిటమాల్ పడుతుంది, అయినా డాక్టరుని అడిగే వాడండి.

గుండెదడకీ, చేతుల వణుకుకీ, పార్శ్వపు నొప్పికీ ఇచ్చే ప్రొప్రనోలాల్ కూడా ఉబ్బసాన్ని రేపుతుంది. నీటికాసులకి కంట్లో వేసే టిమోలాల్ చుక్కలదీ ఆ కుటుంబమే. కంట్లో వేసింది ఊపిరితిత్తులకి ఎలా పోతుందని అడుగుతారు. కంటి మూల నుంచి ముక్కులోకి సన్నటి కాలవ ఉంది. ఏడిస్తే ముక్కు కారేది దానివల్లే. చుక్క ఆ దారినే ముక్కులోకి దిగి నేరుగా రక్తంలో కలుస్తుంది. కంటిడాక్టరు దగ్గర ఉబ్బసం సంగతి చెప్పాలని ఎవరికీ తోచదు. చుక్కలు మొదలెట్టిన వారంలో పిల్లికూతలు వచ్చాయంటే ఆ సీసా పట్టుకుని వెళ్ళండి.

రోజుల నుంచి వారాల్లో వచ్చేది రెండో రకం. మూత్రంలో మంటకి వాడే నైట్రోఫ్యురాంటోయిన్ దీనికి మంచి ఉదాహరణ. మొదలెట్టిన కొద్దిరోజుల నుంచి కొన్ని వారాల లోపు చలిజ్వరం, పొడిదగ్గు, ఆయాసం, ఒక్కోసారి ఒంటి మీద దద్దుర్లు వస్తాయి. జ్వరం మూత్రం ఇన్‌ఫెక్షన్ వల్లే అనుకుని అదే మందు ఇంకో వారం పొడిగిస్తే ముదురుతుంది. ఆపితే చాలామందికి త్వరగానే తగ్గుతుంది. ఇంకో సంగతి, ఇన్‌ఫెక్షన్ తిరగబెట్టకుండా ఇదే మందుని నెలల తరబడి రాత్రికో బిళ్ళ వాడేవాళ్ళకి ఆరు నెలలు దాటాక జ్వరం లేకుండా మెల్లగా ఆయాసం రావచ్చు. అక్కడ ఊపిరితిత్తులు గట్టిపడుతుంటాయి.

బీపీ, గుండె మందుల్లో "ప్రిల్" అని ముగిసే ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్, పెరిండోప్రిల్ తెచ్చే దగ్గు కూడా ఎక్కువగా వారాల నుంచి కొద్ది నెలల్లో వచ్చేదే. 100 మంది వాడితే 5 నుంచి 20 మందికి వస్తుంది, ఆడవాళ్ళకి ఎక్కువ. శరీరంలో బ్రాడికైనిన్ అనే పదార్థాన్ని విరగ్గొట్టే ఎంజైముని ఈ మందు అడ్డుకుంటుంది. దాంతో ఆ బ్రాడికైనిన్ గొంతులో, శ్వాసనాళాల్లో పేరుకుని కితకిత పెడుతుంది. అందుకే కళ్లె ఉండదు, జ్వరం ఉండదు, సిరప్పుతో లొంగదు. ఊపిరితిత్తులకి చెరుపేమీ జరగదు. మందు మార్చాక సాధారణంగా 1 నుంచి 4 వారాల్లో పోతుంది, కొందరికి 3 నెలలు పడుతుంది. మూడోరోజుకే "తగ్గలేదు" అని తీర్మానించకండి.

నెలల మీద నెమ్మదిగా వచ్చేది మూడో రకం. నాకు ఎక్కువ భయం దీంతోనే. గుండె లయ తప్పినవాళ్ళకి ఇచ్చే అమియోడారోన్, కీళ్లవాతానికీ సోరియాసిస్‌కీ ఇచ్చే మెథోట్రెక్సేట్, క్యాన్సర్ మందుల్లో బ్లియోమైసిన్ లాంటివి ఊపిరితిత్తుల కండనే వాచేలా చేయగలవు. అమియోడారోన్ వాడేవాళ్ళు గుండెజబ్బు వాళ్ళే కాబట్టి ఆయాసం వస్తే గుండెదే అనుకుంటారు. నీరు తీసే బిళ్ళ పెంచినా ఆయాసం తగ్గకపోతే అనుమానించాలి. ఆ మందు ఒంట్లో వారాలు, నెలలు నిలవుంటుంది, ఆపిన మర్నాడే తేలిపోదు. మెథోట్రెక్సేట్ తేడా చేస్తే ఎక్కువగా మొదటి ఏడాదిలోనే చేస్తుంది. పొడిదగ్గు, జ్వరం, ఆయాసం రోజుల్లోనే ముదరవచ్చు. దాంతో ఇచ్చే ఫోలిక్ యాసిడ్ బిళ్ళ నోటిపూతకీ కడుపు బాధకీ పనికొస్తుంది గానీ ఊపిరితిత్తులకి కాపలా కాదు. మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, మెథోట్రెక్సేట్ కీళ్ళకీ చర్మానికీ వారానికి ఒక్కరోజే. రోజూ వేసేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఆ రోజేదో స్ట్రిప్పు మీద పెన్నుతో రాసుకోండి.

ఏటిగట్టు ఎక్కి చూడండి

నెమ్మదిగా వచ్చే ఆయాసాన్ని ఇంట్లోవాళ్ళు గుర్తించలేరు, ఎందుకంటే మనిషి తన పనులే తగ్గించుకుంటాడు. నిరుడు మాట్లాడుతూ ఎక్కిన ఏటిగట్టుని ఈ ఏడు మధ్యలో ఆగి, పంచె సర్దుకునే వంకతో ఊపిరి తీసుకుని ఎక్కుతున్నారా? రేవుకి వెళ్ళడం మానేశారా? కొబ్బరితోటకి సైకిలు బదులు మనవడి బండి మీద వెళ్తున్నారా? "వయసైంది కదమ్మా" అంటారు. ఆరు నెలల్లో వచ్చిన మార్పు వయసుది కాదు.

పల్స్ ఆక్సీమీటరు చాలా ఇళ్ళల్లో కరోనా నాటిది ఉంది. గోళ్ళరంగు తీసి, వేలు వెచ్చగా ఉండేలా రుద్ది, కూర్చుని నిమిషం ఆగి అంకె రాయండి. తర్వాత తోడు మనిషితో ఆరు నిమిషాలు మామూలుగా నడిపించి వెంటనే మళ్ళీ చూడండి. కూర్చున్నప్పుడు 97 ఉండి, నడిచాక 93కో అంతకన్నా కిందకో పడిందంటే కూర్చున్నప్పటి అంకె చూసి ధైర్యపడకూడదు. కూర్చున్నప్పుడే 94 కన్నా తక్కువుంటే నడిపించకండి, అదే రోజు డాక్టరుకి చూపించండి. నిద్రపోతున్నప్పుడో, టీవీ చూస్తున్నప్పుడో వాళ్ళకి తెలియకుండా నిమిషంలో ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో లెక్కపెట్టండి. పెద్దవాళ్ళకి 12 నుంచి 20 మామూలు. 25 దాటితే తేలిగ్గా తీసుకోవద్దు.

మన గోదావరి డెల్టాలో పొరపడే చోట్లు

ప్రతి దగ్గునీ మందు మీదకి తోసేయడం కూడా తప్పే. రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా సరే, కళ్లె పడుతుంటే ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో టీబీ పరీక్ష చేయించండి, అది ఉచితం. కీళ్లవాతానికి వాడే కొన్ని సూదిమందులు, స్టెరాయిడ్లు లోపల నిద్రపోతున్న టీబీని లేపుతాయి. అప్పుడు మందుదీ టీబీదీ రెండూ ఆలోచించాలి.

వానకి తడిసి బూజుపట్టిన గడ్డిమేటు కదిపిన సాయంత్రం జ్వరం, దగ్గు, ఒళ్ళునొప్పులు వచ్చి, ఒకటి రెండు రోజుల్లో తగ్గి, మళ్ళీ గడ్డి ముట్టుకుంటే తిరగబెడితే అది బూజు వల్ల. మనది బోదకాలు ఉన్న ప్రాంతం కాబట్టి ఇంకోటి కూడా గుర్తుపెట్టుకోవాలి. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగుకి ఒళ్ళు తిరగబడితే రాత్రిళ్ళు ఆగని పొడిదగ్గు, పిల్లికూతలు వస్తాయి, రక్తంలో ఇసినోఫిల్ కణాలు విపరీతంగా పెరుగుతాయి. కొన్ని మందుల రియాక్షన్లలో కూడా ఇదే కణం పెరుగుతుంది. రిపోర్టులో ఇసినోఫిల్స్ ఎక్కువున్నాయంటే రెండు సంగతులూ డాక్టరు ముందు పెట్టండి.

పాదాల వాపుతో, పడుకుంటే ఎక్కువయ్యే ఆయాసం గుండె వైపు చూపిస్తుంది. అక్కడా మందు పాత్ర ఉండొచ్చు. షుగరుకి వాడే పయోగ్లిటజోన్ ఒంట్లో నీరు నిలవబెడుతుంది, నొప్పి బిళ్ళలు కూడా అంతే.

పసిపిల్లల సంగతి వేరుగా చెప్పాలి. స్నానం చేయించి ముక్కులో నూనె చుక్కలు వేయడం, ఏడుస్తున్న బిడ్డకి ముక్కు మూసి ఆముదం పట్టడం దయచేసి మానేయండి. నీళ్ళు పొలమారితే దగ్గు వచ్చి బయటికి నెట్టేస్తుంది. నూనెకి ఆ దగ్గు రాదు, చప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి దిగిపోతుంది. అది తెచ్చే నెమ్ము యాంటీబయాటిక్కులకి లొంగదు. మంచం మీదున్న పెద్దవాళ్ళకి రాత్రి పడుకోబెట్టి లిక్విడ్ పారాఫిన్ ఉన్న విరేచనాల మందు పట్టినా ఇదే ప్రమాదం.

ఆపాలా, వద్దా?

పెదవులు, నాలుక, మొహం వాచినా, బిళ్ళ వేసుకున్న కాసేపట్లో పిల్లికూతలు వచ్చినా తర్వాతి డోసు వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. ప్రిల్ మందులతో వచ్చే నాలుక వాపు ఏళ్ళ తరబడి వాడాక కూడా రావచ్చు. నైట్రోఫ్యురాంటోయిన్ వాడుతూ జ్వరం, ఆయాసం వచ్చినా, మెథోట్రెక్సేట్ మీద ఉండి పొడిదగ్గుతో ఆయాసం వచ్చినా తర్వాతి డోసు వేసుకోకుండా అదే రోజు రాసిన డాక్టరుని కలవండి.

సొంతంగా ఆపకూడనివి కూడా ఉన్నాయి. గుండెకి స్టెంటు వేశాక ఇచ్చే టికాగ్రెలార్ వల్ల 100 మందిలో 14 మంది దాకా ఆయాసపడతారు. ఎక్కువగా అది కొద్దిపాటిది, చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది. భయపడి ఆ బిళ్ళ మానేస్తే స్టెంటు మూసుకుపోయి గుండెపోటు రావచ్చు. ఫోన్ చేయండి, వెళ్ళండి, బదులు మందు రాయించుకోండి, అంతదాకా వేసుకుంటూనే ఉండండి. అమియోడారోన్, అటెనోలాల్, మెటోప్రోలాల్, ఫిట్స్ మందులు, చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్లు కూడా అంతే. వీటిలో దేనిమీద అనుమానమొచ్చినా అదే రోజు అడగాలి గానీ చెత్తబుట్టలో వేయకూడదు. ప్రిల్ దగ్గుకి ఆదుర్దా అక్కర్లేదు, కానీ అదే బిళ్ళ మీ గుండెనీ కిడ్నీనీ కాస్తూ ఉండొచ్చు. నాలుగు రోజుల్లో వెళ్ళి మార్పించుకోండి. టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటి సార్టాన్ మందులతో ఈ దగ్గు అరుదు.

ఇంకో మాట. కారణం తేలకముందే "కాస్త రిలీఫు"కి స్టెరాయిడ్ సూది వేయించుకోకండి. రెండు రోజులు హాయిగా ఉంటుంది, ఆ హాయిలో టీబీ ఉంటే అది ముదురుతుంది, మందు రియాక్షన్ ఉంటే దాని ఆనవాళ్ళు చెరిగిపోతాయి.

పెదవులు నీలంగా మారినా, మాట పూర్తిచేయలేనంత ఆయాసమున్నా, ఆక్సీమీటరు 90 కిందకి వెళ్ళినా, నిద్రబిళ్ళో గట్టి నొప్పిమందో వేసుకున్న మనిషి లేపినా లేవకుండా ఊపిరి మెల్లగా తీస్తున్నా 108కి ఫోన్ చేయండి. లంక గ్రామాల వాళ్ళకి నా ప్రత్యేక మనవి. గోదావరికి వరద వస్తే పడవ కూడా కట్టేస్తారు. పైన చెప్పిన మందుల మీద ఉండి దగ్గుతున్న మనిషి ఇంట్లో ఉంటే, ఎగువన నీళ్ళు పెరుగుతున్నాయని తెలియగానే గట్టు ఇవతల చుట్టాలింటికి చేర్చండి.

డాక్టరుగారి దగ్గర

మందుల సంచీ, తేదీలు రాసిన క్యాలెండరు, పాత ఎక్స్‌రేలు తీసుకెళ్ళండి. పాత ఎక్స్‌రే చాలా విలువైనది, మడతపెట్టకండి. మందు మొదలవకముందు ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో చెప్పే సాక్ష్యం అదొక్కటే. అమియోడారోన్ లాంటిది కొత్తగా మొదలెడుతుంటే ముందే ఓ ఎక్స్‌రే తీయించి దాచుకోవడం మంచిది. "డాక్టరుగారూ, ఈ మందుల్లో దేనివల్లయినా ఈ దగ్గు రావడానికి వీలుందాండి?" అని అడగండి. అడిగితే కోప్పడతారేమోనని భయపడొద్దు. వీపు మీద స్టెతస్కోపు పెట్టినప్పుడు వెల్క్రో పట్టీ లాగినట్టు చిరచిరమని వినిపిస్తే, ఎక్స్‌రే మామూలుగా ఉన్నా సీటీ స్కాను రాస్తారు. మొదట్లో ఎక్స్‌రేకి అందనిది సీటీలో తెల్లటి పొగలా కనిపించవచ్చు. మన వైపు పెద్దాసుపత్రి అంటే కాకినాడలో రంగరాయ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న గవర్నమెంటు జనరల్ హాస్పిటల్. అక్కడికి పంపితే ఈ సంచీ, క్యాలెండరు కూడా వెంట వెళ్ళాలి.

మందే అని తేలాక

పోస్టుకార్డంత అట్టముక్క మీద మందు అసలు పేరు, ఏమైంది, ఏ నెలలో అయింది రాసి ఆధార్ కార్డుతో కలిపి పెట్టండి. పళ్ళ డాక్టరుకి, కంటి డాక్టరుకి, ఆర్‌ఎంపీ గారికి, మా లాంటి షాపువాళ్ళకి ముందు అది చూపించండి. బ్లియోమైసిన్ ఎప్పుడో వాడి ఉన్నా సరే, ఆపరేషన్‌కి ముందు మత్తుడాక్టరుకి చెప్పి తీరాలి. మత్తులో ఎక్కువ ఆక్సిజన్ పెడితే ఆ ఊపిరితిత్తులు దెబ్బతినవచ్చు.

మందు రియాక్షన్‌ని డాక్టరే కాదు, మీరూ నమోదు చేయించవచ్చు. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ చూసే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 2010 నుంచి దేశమంతటా ఈ వివరాలు సేకరిస్తోంది. 1800-180-3024కి ఫోన్ చేస్తే డబ్బులు పడవు, తెలుగులో ఫారం కూడా ఉంది. మందు పేరు, తేదీలు, ఏమైందో అడుగుతారు. అవన్నీ మీరు క్యాలెండరు మీద ఇప్పటికే రాసి ఉంచారు.

మామ్మగారి అట్టముక్క నేనే రాసిచ్చాను. "ఎనలాప్రిల్, పొడిదగ్గు. రామిప్రిల్, లిసినోప్రిల్, పెరిండోప్రిల్ కూడా ఇవ్వవద్దు." కళ్ళజోడు పెట్టెలో పెట్టుకున్నారు. ఎక్కడికి వెళ్ళినా అది ఆవిడ చేతిలోనే ఉంటుంది.